చేపల తొట్టిలో నత్తలు, పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మంచినీటి అక్వేరియం పెట్టుకున్నవారికి పనికొచ్చే సమాధానాలు ఇవి. గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్, ఫైటర్ చేపలు, చెర్రీ రొయ్యలు ఉన్న రెండడుగుల తొట్టిని దృష్టిలో పెట్టుకుని రాశాం. తొట్టిలో పురుగు కనిపించగానే మందు కోసం షాపుకు పరుగెత్తేవారిని కాస్త ఆపడమే దీని ఉద్దేశం. పురుగుల వల్ల చచ్చే చేపలకన్నా పురుగుల మందు వల్ల చచ్చే చేపలే ఎక్కువని మా అభిప్రాయం.

తొట్టిలో చేపలు కాక ఇంకేదో కదులుతోంది. వెంటనే ఏం చేయాలి?

ఈ పూటకు ఏమీ చేయకండి. రాత్రి లైటు ఆర్పిన గంట తర్వాత టార్చి వేసి చూడండి. పగలు రాళ్ల సందుల్లో దాక్కునేవన్నీ అప్పుడు బయటికి వస్తాయి. ఫోనుతో దగ్గరగా ఒక వీడియో తీసుకోండి. ఫొటోకన్నా వీడియో నయం, ఎందుకంటే ఇలాంటి పురుగులను రంగునుబట్టి కాదు, నడకనుబట్టి గుర్తుపట్టాలి. అద్దం మీద జారుతూ పోతోందా, నీళ్లలో మెలికలు తిరుగుతోందా, చుక్కలా గెంతుతోందా, ఒకేచోట అతుక్కుని చేతులు చాపుతోందా అన్నది తెలిస్తే సగం పని అయినట్టే. అదేమిటో తేలేదాకా ఒక్క చుక్క మందు కూడా వేయవద్దు.

నేను చేపలే కొన్నాను. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఎక్కువగా మొక్కలతో వస్తాయి. ఆకు అడుగున అతుక్కున్న నత్త గుడ్ల ముద్ద మిరియపు గింజంత ఉంటుంది, పారదర్శకంగా ఉంటుంది, వెతికితే తప్ప కనిపించదు. ఆ తర్వాతి దారి చేపలు తెచ్చిన సంచిలోని నీళ్లు. చేపను వలతో తీసి తొట్టిలో వేసి, సంచి నీళ్లు సింకులో పారబోస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. మూడోది బతికున్న మేత. షాపుల్లో ఎర్రటి ముద్దలా అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు మురికినీటి బురదలో పెరిగేవి, వాటితోపాటు ఇంకేం వస్తాయో అమ్మేవారికీ తెలియదు. చెరువు నుంచి తెచ్చిన నాచు, రాళ్లు, కర్రలు కూడా ఇంతే. ఇక బాల్కనీలోనో పెరట్లోనో మూతలేని తొట్టి ఉంటే దోమలు, తూనీగలు తమంతట తామే వచ్చి గుడ్లు పెడతాయి.

నా తొట్టిలో ఉన్నవి ఏ రకం నత్తలు?

మన దగ్గర తొట్టిలో తేలేవి ముఖ్యంగా మూడు రకాలు.

బొట్టు ఆకారంలో, పలుచటి గోధుమరంగు గుల్లతో, కాస్త వేగంగా నడిచేది బ్లాడర్ నత్త. గుల్ల మొనను పైకి, నోటిని మీవైపుకు తిప్పి పట్టుకుంటే దాని నోరు ఎడమవైపు ఉంటుంది. చాలా నత్తలకు కుడివైపు ఉంటుంది కాబట్టి ఇది తిరుగులేని గుర్తు. ఇది నీటి పైపొరకు తలకిందులుగా అతుక్కుని కూడా నడుస్తుంది.

చక్రంలా చుట్టుకున్న గుల్ల ఉంటే అది రామ్స్‌హార్న్. ఎర్రటివి, నీలివి షాపుల్లో డబ్బుకు అమ్ముతారు, గోధుమరంగువి మాత్రం మొక్కలతో ఉచితంగా వస్తాయి.

పొడవుగా, మొన తేలిన మరమేకులా ఉండేది ట్రంపెట్ నత్త. ఇది పగలంతా గులకరాళ్లలో కూరుకుపోయి ఉంటుంది. మీకు పది కనిపిస్తే లోపల అంతకు ఎన్నో రెట్లు ఉన్నాయనే అనుకోండి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. అందుకు మగనత్త అవసరం కూడా లేదు. మొదటి రెండు రకాల్లో ఒకే నత్తలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి, తోడు దొరకకపోతే ఒంటరిగానే గుడ్లు పెట్టగలవు. అందుకే “ఒక్కటే కదా, పోనీలే” అని వదిలేసిన నత్త నెల తిరిగేసరికి సంసారం పెట్టేస్తుంది.

నత్తలు చేపలకు హాని చేస్తాయా? మొక్కలను తినేస్తాయా?

చేపలకు హాని చేయవు. చచ్చిన చేపను నత్తలు తింటుంటే చూసి అవే చంపాయనుకుంటారు చాలామంది, పాపం. అవి చేసేది పారిశుద్ధ్య పని. ఈ మూడు రకాలూ ఆరోగ్యంగా ఉన్న గట్టి ఆకుల జోలికి దాదాపు రావు. పండిపోయిన ఆకులు, మిగిలిన మేత, అద్దం మీది నాచు తింటాయి. ట్రంపెట్ నత్తలు గులకరాళ్లను లోపలినుంచి కదుపుతూ ఉంటాయి, మొక్కలు పెంచేవారిలో కొందరు ఇందుకే వాటిని కావాలని ఉంచుకుంటారు.

ఆకులకు చిల్లులు పడుతుంటే ముందు పొటాషియం లోపం ఉందేమో చూడండి. చిల్లు అంచున నత్త కనిపించినంత మాత్రాన అది చేసిన చిల్లు కానక్కర్లేదు. వరిపొలాల్లో, చెరువుల్లో దొరికే పెద్ద నత్తల సంగతి వేరు. వాటిని తెచ్చి మొక్కల తొట్టిలో వేయకండి.

మరి ఇవి వందల్లో ఎందుకు పెరిగిపోతున్నాయి?

మీరు పోస్తున్న మేత వల్ల. ఇంతకుమించి రహస్యం లేదు. తొట్టిలో ఎంత తిండి మిగులుతుందో అన్ని నత్తలు బతుకుతాయి. ఇంట్లో పొద్దున ఒకరు, మధ్యాహ్నం పిల్లలు, రాత్రి తాతగారు విడివిడిగా మేత వేస్తుంటే చేపలు తినగా మిగిలింది రాళ్లలోకి దిగుతుంది. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ కాబట్టి గుల్ల కట్టుకోవడానికి కూడా వాటికి ఇబ్బంది ఉండదు.

చేపలు రెండు నిమిషాల్లో తినేంత మేత రోజుకు ఒక్కసారి వేయండి, వారానికి ఒక రోజు పస్తు పెట్టండి. ఎదిగిన చేపలకు దీనివల్ల ఏ నష్టమూ లేదు. మేత డబ్బా ఒకరి చేతిలోనే ఉండాలి. ఇంట్లో గొడవైనా సరే, ఈ నియమం పెట్టండి.

చేత్తో ఏరడం కాకుండా నత్తలను తగ్గించే సులువైన మార్గం ఉందా?

కూరగాయ ముక్క. కీరదోసకాయను వేలెడు మందాన కోసి, మునగడానికి స్టీలు చెంచా గుచ్చి, రాత్రి లైటు ఆర్పాక అడుగున పెట్టండి. పాలకూర ఆకు, కాస్త ఉడికించిన సొరకాయ ముక్క కూడా పనిచేస్తాయి. తెల్లవారి లైటు వేయకముందే తీయండి. ముక్క అడుగువైపు నత్తలు గుత్తులుగా పట్టి ఉంటాయి, గింజల భాగాన్ని తొలిచేసి ఉంటాయి. ముక్క ఎత్తేటప్పుడు కింద ఒక పళ్లెమో వలో పట్టుకోండి, లేకపోతే సగం జారి మళ్లీ రాళ్లలో పడతాయి. ముక్కను పగలు అలాగే వదిలేస్తే మీరు పెట్టింది ఉచ్చు కాదు, విందు.

వారం పది రోజులు వరసగా ఇలా చేస్తూ, అద్దం మీద, ఆకుల అడుగున కనిపించిన గుడ్ల ముద్దలను పాత ఏటీఎం కార్డుతో గీకేయండి. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు సైఫన్ గొట్టాన్ని రాళ్లలోకి దింపి మడ్డి లాగేయండి. మేత తగ్గించకుండా ఇవన్నీ చేస్తే మాత్రం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

నత్తలను తినే చేపను తెచ్చిపెడితే సరిపోదా?

కొన్నిసార్లు సరిపోతుంది, కానీ నత్తల కోసమే చేపను కొనడం మాకు నచ్చదు. నత్తలు అయిపోయాక ఆ చేప అక్కడే ఉంటుంది మరి.

కేరళ నదుల నుంచి వచ్చే పీ పఫర్ అంగుళం పొడవు కూడా సరిగా ఉండని బుల్లి చేప. చిన్న నత్తలను ముద్దుగా వేటాడుతుంది, అదే నోటితో గప్పీల తోకలూ కొరుకుతుంది. పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా సహజంగా ఉండని ఈ చేప అంతర్జాతీయ ఎర్ర జాబితాలో హాని పొంచి ఉన్న జాతుల్లో ఉంది. అది ఒక ప్రత్యేక తొట్టిలో ఉండవలసిన చేప. క్లౌన్ లోచ్ షాపులో వేలెడు ఉంటుంది, ఎదిగితే అడుగు పొడవుకు చేరుతుంది. రెండడుగుల తొట్టికి అది శిక్ష. గంగా పరీవాహకంలోని మన యోయో లోచ్ కొంత నయం, అయితే అదీ గుంపుగా ఉండాలి, అదీ జానెడు దాకా పెరుగుతుంది.

వీటన్నిటికన్నా చిన్న తొట్టికి సరిపోయేది అసాసిన్ నత్త. పసుపు, గోధుమ చారల గుల్లతో ఉంటుంది, ఇతర నత్తలను తింటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. నాలుగైదు వేస్తే నెలల మీద తేడా తెలుస్తుంది. తొందర ఉన్నవారికి ఇది నచ్చదు.

మైలుతుత్తం చిటికెడు వేయమని షాపతను చెప్పాడు. వేయవచ్చా?

వద్దు. మైలుతుత్తంలోని రాగి నత్తలను చంపుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అంతకన్నా తక్కువ మోతాదుకే రొయ్యలు చస్తాయి. రాగి విషం నీటి కఠినత్వాన్నిబట్టి మారుతుంది. అదే చిటికెడు బోరు నీళ్లలో చేపలకు ఏమీ చేయకపోవచ్చు, ఆర్వో నీళ్లలో చంపేయవచ్చు. చిటికె అన్నది కొలతే కాదు.

ఒకవేళ మందు బాగా పనిచేసిందే అనుకోండి, అప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. గులకరాళ్లలో వందల నత్తలు ఒకేసారి చచ్చి కుళ్లుతాయి. అమోనియా ఎగబాకుతుంది. మర్నాటికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. నత్తలుండగా బాగానే ఉన్న తొట్టి, నత్తలు పోయాక పాడవడం ఇలాగే జరుగుతుంది.

అద్దం మీద సన్నటి తెల్లటి దారాల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. చేపలకు ప్రమాదమా?

కాదు. వెంట్రుకంత సన్నగా, నీళ్లలో ఎస్ ఆకారంలో మెలికలు తిరిగేవి మడ్డి తినే పురుగులు. వానపాములకు దూరపు చుట్టాలు. ప్రతి తొట్టిలోనూ రాళ్లలో ఉంటాయి. అవి ఒక్కసారిగా అద్దం మీదికి ఎక్కాయంటే అడుగున మడ్డి పేరుకుందని, అక్కడ ఆక్సిజన్ తగ్గిందని అర్థం. రాళ్లను సైఫన్‌తో శుభ్రం చేయండి, ఎయిర్ పంపు ఆగిపోయిందేమో చూడండి. గప్పీలు, టెట్రాలు వీటిని ఇష్టంగా తింటాయి, కడుపునిండా మేత వేయకపోతే.

పురుగు తల బాణం మొనలా ఉంది. అది కూడా ఇదేనా?

కాదు, అది ప్లనేరియా. పక్కపక్కన పెట్టి చూస్తే పొరపడే అవకాశం లేదు. మడ్డి పురుగు మెలికలు తిరుగుతుంది, ప్లనేరియా బల్లపరుపుగా ఉండి అద్దం మీద నూనె రాసినట్టు జారుతూ పోతుంది. భూతద్దంతో చూస్తే త్రికోణపు తల, దాని మీద మెల్లకన్ను పెట్టినట్టుండే రెండు నల్లటి చుక్కలు కనిపిస్తాయి.

పెద్ద చేపలను ఇది ఏమీ చేయదు. రొయ్యలు పెంచేవారికి మాత్రం నిజమైన శత్రువు. రొయ్య పిల్లలను, అప్పుడే పొర వదిలిన మెత్తటి రొయ్యలను పట్టుకుంటుంది, చేప గుడ్లనూ వదలదు.

అద్దం మీద నలిపి చంపుదామని చూడకండి. దీన్ని ముక్కలు చేస్తే చాలా ముక్కలు మళ్లీ తల, తోక మొలిపించుకుని పూర్తి పురుగులవుతాయి. ఉచ్చు పెట్టడం మంచిది. మూతకు సన్నటి చిల్లులు పెట్టిన చిన్న గాజు సీసాలో పచ్చి చికెన్ ముక్క వేసి, రాత్రి అడుగున పడుకోబెట్టండి. తెల్లవారుజామున తీసి వేడినీళ్లలో ముంచండి. చిల్లులు రొయ్య పిల్ల దూరనంత సన్నగా ఉండాలి. ఉచ్చుతో పూర్తిగా పోవు, లెక్క మాత్రం బాగా తగ్గుతుంది.

ప్లనేరియాకు వక్క మంచి మందని విన్నాను. ఇంట్లో ఉన్న వక్కపొడి వేయవచ్చా?

విన్నది నిజమే, వేయాలనుకుంటున్నదే తప్పు. వక్కలోని అరెకొలైన్ అనే పదార్థం ఇలాంటి చదును పురుగుల నరాల మీద పనిచేస్తుంది. ఒకప్పుడు పశువైద్యులు కుక్కలకు బద్దెపురుగుల మందుగా దాన్నే వాడేవారు. ప్లనేరియా కోసం అమ్మే కొన్ని పొడుల్లో ఉండేదీ వక్క సారమే.

అయితే ఆ పొడికి కొలత ఉంటుంది, తాంబూలంలోకి తెచ్చిన వక్కకు ఉండదు. మన వక్కపొడిలో సోంపు, చక్కెర, సువాసనలు, ఒక్కోసారి నెయ్యి కూడా ఉంటాయి. కొన్న మందైనా డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి, వేసేముందు నెరైట్ లాంటి అలంకారపు నత్తలను వేరే తొట్టిలోకి మార్చండి. చచ్చిన ప్లనేరియాను సైఫన్‌తో లాగేసి, మూడింట ఒక వంతు నీళ్లు మార్చండి.

అద్దానికి అంటుకుని చిన్న చేతులున్న పువ్వులా ఏదో ఉంది. తాకితే ముడుచుకుపోతోంది.

హైడ్రా. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్న హైడ్రాయే. ఒక సన్నటి కాడ, దాని చివర కదిలే టెంటకిల్స్. పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూ. తెల్లగానో గోధుమరంగులోనో ఉంటుంది, ఒంట్లో శైవలం ఉన్నది పచ్చగా ఉంటుంది. పక్కనుంచి కొమ్మలా పిల్ల మొలిచి, ఎదిగి, విడిపోతుంది. 1740లలో అబ్రహాం ట్రెంబ్లే అనే స్విస్ ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని ముక్కలు కోసి, ప్రతి ముక్కా మళ్లీ హైడ్రాగా మారుతుందని చూపించి ఐరోపాను ఆశ్చర్యంలో ముంచాడు. మీరు అద్దం గీకితే జరిగేదీ అదే.

టెంటకిల్స్‌లో విషపు ముళ్లుంటాయి, మనిషి చర్మానికి తెలియనంత చిన్నవి. డాఫ్నియా, ఆర్టీమియా లాంటి చిన్న నీటి జీవులు, రొయ్య పిల్లలు, అప్పుడే పుట్టిన చేపపిల్లలు దాని తిండి. కాబట్టి పిల్లల తొట్టిలో ఉంటే తీయాలి, పెద్ద చేపల తొట్టిలో నాలుగైదు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఆర్టీమియా పిల్లలను మేతగా వేస్తున్న చోటే ఇవి విరగబడి పెరుగుతాయి, ఆ మేత కొన్నాళ్లు ఆపండి. గౌరామి చేపలు హైడ్రాను తింటాయి. అద్దం మీద ఉన్నవాటిని గీకకుండా, సన్నటి గొట్టం మూతిని వాటి మీదే ఆనించి లాగేయండి.

కుక్కలకు వేసే నులిపురుగుల మందు తొట్టిలో పనిచేస్తుందా?

అలాంటి మందుల్లో ఒకటైన ఫెన్‌బెండజోల్ హైడ్రాను, ప్లనేరియాను రెండింటినీ చంపుతుంది. చేపలు, రొయ్యలు సాధారణంగా తట్టుకుంటాయి. నత్తలు తట్టుకోవు, ముఖ్యంగా నెరైట్, మిస్టరీ నత్తలు. మందు రాళ్లలో, ఫిల్టర్ స్పాంజిలో చాలాకాలం నిలిచి ఉంటుంది, అంటే నెలల తర్వాత తెచ్చి వేసిన నత్త కూడా చావవచ్చు. మాత్రలో ఫెన్‌బెండజోల్ ఒక్కటే ఉందో, వేరే మందులు కలిపారో లేబుల్ చదవండి. కుక్కల మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిసి ఉంటాయి, అవి వద్దు. మాత్రను కంటిచూపుతో నాలుగు ముక్కలు చేసి వేయడం మోతాదు అనిపించుకోదు. మిల్లీగ్రాములు తూచే చిన్న త్రాసు లేకపోతే ఉచ్చులతోనే సరిపెట్టుకోండి.

నీళ్లలో తెల్లటి చుక్కలు గెంతుతున్నాయి. సైక్లాప్స్ అట. అది నారికురుపు తెచ్చేది కాదా?

చిన్నప్పుడు నారికురుపును చూసిన పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ భయం సహజం. దిగుడు బావుల నీటిలో నారిపురుగు పిల్లలను మింగిన సైక్లాప్స్‌ను మనిషి తాగితే ఆ జబ్బు వచ్చేది. ఆంధ్రప్రదేశ్ కూడా ఒకప్పుడు ఆ బాధ పడిన రాష్ట్రమే. దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఆ వ్యాధి లేని దేశంగా ధ్రువీకరించింది. జబ్బున్న మనిషి పుండు నుంచి పురుగు పిల్లలు నీళ్లలో పడితేనే సైక్లాప్స్‌కు అది సోకుతుంది. మీ తొట్టిలోది వట్టి సైక్లాప్స్.

గెంతుతూ పోయేవి సైక్లాప్స్, గసగసాల గింజల్లా గుండ్రంగా ఉండి అడుగున దొర్లేవి ఆస్ట్రకాడ్లు. రెండూ చేపపిల్లలకు మంచి తిండి. తీసేయాల్సిన పనిలేదు.

పిల్లచేపలు రోజుకు ఒకటి రెండు చొప్పున మాయమవుతున్నాయి. ఏమై ఉంటుంది?

తల్లి తినడం మొదటి కారణం, గప్పీలు, మోలీలు సొంత పిల్లలనే తింటాయి. తల్లి వేరే తొట్టిలో ఉన్నా మాయమవుతుంటే తూనీగ పిల్లపురుగు కోసం వెతకండి. మొక్కల కాడలకు అంటుకుని, బురదరంగులో, ఆరు కాళ్లతో ఉంటుంది. దాని కింది పెదవి మడతపెట్టిన చేయిలా ముఖం కింద దాక్కుని ఉంటుంది. చేపపిల్ల దగ్గరికి రాగానే ఆ పెదవి ముందుకు దూసుకొచ్చి పట్టుకుంటుంది. చూసేలోపే అయిపోతుంది. తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలుంటే అది సన్నతూనీగ జాతి, అదీ వేటగత్తే.

మందేమీ అక్కర్లేదు, వలతో తీస్తే చాలు. ఒకటి దొరికితే ఇంకా ఉన్నాయనే లెక్కలో ప్రతి మొక్కనూ బకెట్‌లో జాడించి చూడండి. తీసినదాన్ని మూతలేని నీళ్ల తొట్టిలో వేస్తే దోమపిల్లలను తింటుంది.

జలగ కనిపించింది. చేతిని తొట్టిలో పెట్టాలంటే భయంగా ఉంది.

మొక్కలతో వచ్చే చిన్న జలగల్లో ఎక్కువ భాగం నత్తల ఒంట్లో రసం పీల్చేవే, మనుషుల జోలికి రావు. రెండు కొనలా పట్టు ఉండి, అంగలు వేసినట్టు నడిస్తే అది జలగ. ప్లనేరియా కోసం చెప్పిన చికెన్ ఉచ్చుకే ఇదీ పడుతుంది. చేప ఒంటికి అతుక్కుని కనిపిస్తే మాత్రం ఆ చేపను వేరుచేయండి.

చేపల తొట్టి వల్ల ఇంట్లో దోమలు పెరుగుతాయా?

చేపలున్న తొట్టిలో పెరగవు, దోమపిల్ల పడితే గప్పీ నిమిషంలో మింగేస్తుంది. అసలు దోషి పక్కన ఉంటుంది: క్లోరిన్ పోవాలని నీళ్లు పట్టి ఉంచిన బకెట్, చేపలు చచ్చాక ఎవరూ ఖాళీ చేయని పాత తొట్టి, బాల్కనీలోని తామర కుండీ. డెంగీ దోమకు వారం పది రోజులు కదలని నీళ్లు చాలు. బకెట్‌కు గుడ్డ కట్టండి. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య సిబ్బంది తలుపు తట్టినప్పుడు చూపించాల్సింది ఆ బకెట్‌నే. తామర కుండీలో నాలుగు గప్పీలు వేయండి. దోమపిల్లలను తినడానికి మున్సిపాలిటీవారు చెరువుల్లో వదిలే గంబూసియా చేపను తెచ్చి అక్వేరియంలో వేయకండి, అది ఇతర చేపల రెక్కలు కొరుకుతుంది.

చేప ఒంటి మీద దారం వేలాడుతోంది. ఇంకో చేప మీద పచ్చటి బిళ్లలాంటిది పాకుతోంది.

ఇక్కడ మాత్రం ఆలస్యం చేయకండి. దారంలా వేలాడేది యాంకర్ వార్మ్. పేరుకు వార్మ్ కానీ నిజానికి రొయ్యల వర్గపు జీవి, తలను చేప కండలో లంగరులా దింపి ఉంటుంది. బిళ్లలా పాకేది చేప పేను. గోల్డ్ ఫిష్, కోయి చేపలతో ఇవి ఎక్కువగా వస్తాయి. చేపను తడిగుడ్డలో పట్టుకుని, సన్నటి పట్టకారుతో యాంకర్ వార్మ్‌ను చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా లాగండి, తల లోపల తెగిపోతే అక్కడ పుండు పడుతుంది. గాయం మీద పోవిడోన్ అయొడిన్ అద్దండి, మొప్పలకు తగలనివ్వకండి. పేను సులువుగా ఊడి వస్తుంది, కానీ అది రాళ్ల మీద, అద్దం మీద గుడ్లు పెడుతుంది. అందుకే ఒక్కసారి తీసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. డైఫ్లుబెంజురాన్ ఉన్న అక్వేరియం మందు దొరికితే అదే సరైనది. రొయ్యలున్న తొట్టిలో మాత్రం వాడకూడదు.

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల రైతులు పేనుకు సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి వాడతారు. బంధువుల చెరువు నుంచి ఆ సీసా తెచ్చి “ఒక్క చుక్కే కదా” అని అక్వేరియంలో వేసేవారున్నారు. అది ఎకరాల లెక్కన వేసే మందు. మీ తొట్టిలో ఉన్నది యాభై అరవై లీటర్లు.

కొత్త మొక్కలను తొట్టిలో పెట్టేముందు ఎలా శుభ్రం చేయాలి?

అన్నిటికన్నా మంచి పద్ధతి మందులేనిది. మొక్కలను ఒక బకెట్ నీళ్లలో, వెలుతురు తగిలేచోట మూడు వారాలు ఉంచండి, దోమలు రాకుండా పైన వలగుడ్డ కట్టండి. ఆకు మడతలో దాగిన గుడ్లు ఈలోగా పొదిగి నత్తపిల్లలు బయటపడతాయి, ఏరేయండి. ఓపిక లేనివారికి మూడు దారులున్నాయి.

పటిక: లీటరు నీటికి ఒక పెద్ద చెంచా పొడి కరిగించి మొక్కలను నానబెట్టండి. పురుగులకు రెండు మూడు గంటలు చాలు, నత్త గుడ్లు పోవాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. మొక్కల మీద దయగా ఉండే మందు ఇదే.

ద్రవ బ్లీచ్: ఒక పాలు బ్లీచ్‌కు పంతొమ్మిది పాళ్లు నీళ్లు, గడియారం చూస్తూ రెండు నిమిషాలు, మెత్తటి కాడల మొక్కలకు ఒక్క నిమిషం. తీశాక యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లలో బాగా జాడించాలి. జావా మాస్, వ్యాలిస్నేరియా దీనికి తట్టుకోలేవు. పంచాయతీలు వాడే బ్లీచింగ్ పౌడర్ బలం డబ్బా డబ్బాకూ మారుతుంది కాబట్టి దానితో ప్రయోగం వద్దు.

పొటాషియం పర్మాంగనేట్: లీటరుకు పది మిల్లీగ్రాములు, పది పదిహేను నిమిషాలు. చేతులకు మరక పడుతుంది. నత్త గుడ్ల మీద దీనికి పెద్ద నమ్మకం పెట్టుకోవద్దు.

ఈ బాదరబందీ అంతా వద్దనుకుంటే కప్పుల్లో జెల్‌లో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలు కొనండి. ధర ఎక్కువ, పురుగులు సున్నా. ఇక ఊరి చెరువు నుంచి మొక్కలు తేవాలనిపిస్తే ఒక్క మాట. పశువులు దిగే చెరువుల్లోని చక్రపు నత్తలు పశువుల గురక వ్యాధి కారకాన్ని మోసే జాతివి, ఆ నీళ్లలో చేతులు పెట్టినవారికి దురద దద్దుర్లు కూడా రావచ్చు. తొట్టిలోనే తరతరాలుగా పుట్టిన నత్తలతో ఈ భయం లేదు.

గదిలో బొద్దింకల మందు కొట్టించాలి. తొట్టిని ఏం చేయాలి?

ఇళ్లలో కొట్టే స్ప్రేలు, బొద్దింకల చాక్‌పీసులు, దోమల మందుల్లో చాలావరకు పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు ఉంటాయి. మనకు పెద్దగా ఏమీ చేయని మోతాదు చేపలను, అంతకన్నా ముందు రొయ్యలను చంపుతుంది. మందు కొట్టేముందు ఎయిర్ పంపు ఆపండి, ఎందుకంటే గదిలోని గాలిని నీళ్లలోకి తోసేది అదే. తొట్టి మొత్తాన్ని ప్లాస్టిక్ షీటుతో, ఆపైన తడి దుప్పటితో కప్పండి. ఫిల్టర్‌ను మాత్రం నడవనివ్వండి. గంటా రెండు గంటలు కిటికీలు తెరిచి గాలి మారాక పంపు వేయండి. చేతులు సబ్బుతో కడుక్కోకుండా మేత వేయకండి.

నాచుకు సక్కర్ ఫిష్ మంచిదంటారు. నిజమేనా?

నాచు ఎక్కువ వెలుతురు, ఎక్కువ మేతల సంగతి. లైటును రోజుకు ఏడెనిమిది గంటలకు తగ్గించండి, కిటికీ ఎండ పడకుండా చూడండి. సక్కర్ ఫిష్ చిన్నప్పుడు కొంత నాచు తింటుంది, ఆపైన మేతకే మరుగుతుంది, అడుగు దాటి పెరిగి నాచుకన్నా ఎక్కువ మలినం చేస్తుంది. నీటిమీద పరచుకునే డక్‌వీడ్‌ను వలతో ఎత్తేయడమే మార్గం.

తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు ఉడకబెట్టి, మళ్లీ మొదలుపెడితే పోదా?

పోతుంది, దాంతోపాటు ఫిల్టర్‌లోనూ రాళ్లలోనూ ఉండి అమోనియాను విరిచే బాక్టీరియా కూడా పోతుంది. మళ్లీ కుదురుకోవడానికి నెలకు పైగా పడుతుంది, ఆ నెలలో చేపలు చచ్చే అవకాశమే ఎక్కువ. ఒకటి రెండు ఆకులకు గుడ్లు మిగిలితే నత్తలు తిరిగొస్తాయి కూడా. రొయ్యల తొట్టిలో ప్లనేరియా, హైడ్రా రెండూ పట్టి, మందుకు కూడా లొంగనప్పుడు తప్ప ఈ పని చేయవద్దు.

తీసేసిన నత్తలను, మొక్కలను ఎక్కడ పారేయాలి?

చెరువులో, కాలువలో, నాలాలో కాదు. నత్తలను సంచిలో కట్టి ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత పూలకుండీ మట్టిలో పూడ్చండి. డక్‌వీడ్, తుంచేసిన మొక్కలను ఎండలో పరిచి గలగలలాడేలా ఎండబెట్టాకే ఎరువులో కలపండి. సైఫన్ చేసిన మడ్డినీళ్లు కుండీలకు పోయవచ్చు, మందు వేసిన నీళ్లు మాత్రం పోయవద్దు.

చేపల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. పెద్దదైపోయిందని చెరువులో వదిలేసిన సక్కర్ ఫిష్ జాతే ఈరోజు డెవిల్ ఫిష్ పేరుతో కృష్ణానదిలో జాలర్ల వలలు చింపుతోంది. తూర్పు కనుమల జలాశయాల్లో దాని జాడలను హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆధారంగా గుర్తించారు కూడా. మీ సక్కర్ తొట్టికి మించి పెరిగితే కొన్న షాపులోనే తిరిగి తీసుకోమని అడగండి, చాలామంది తీసుకుంటారు. డబ్బులు మాత్రం తిరిగి ఇవ్వరు.